గాలి తాగి రా

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్రెస్నో ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్ల కూడలిలో నెల్డా ఓరోస్కో మోటార్ సైకిల్ ఆగిపోయింది. ఆమె వెనక శవపేటికను మోస్తున్న నల్లకారు, దాని వెనక బంధువుల కార్లు ఇరవై ఆరు, వాటి వెనక తమ పనుల మీద పోతూ ఇరుక్కుపోయిన సగం ఊరు. శవయాత్రకు ముందు నడిచి దారి ఇప్పించడం నెల్డా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో చెయ్యకూడని పని ఒకే ఒక్కటి ఉంది, మధ్యలో ఆగిపోవడం. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఆ పనే చేసింది.

హఠాత్తుగా జరిగిందేమీ కాదు. పావుగంట ముందు నుంచీ కాలిపిక్కలకు సెగ తగులుతూనే ఉంది. నూనె మాడుతున్న వాసన వస్తోంది. గేరు న్యూట్రల్‌లో పడనని మొండికేస్తోంది. అది పోలీసులు వాడి వదిలేసిన పాత బండి. కొత్తవాటికి మల్లే లోపల నీళ్ళు తిరగవు, ఫ్యానూ ఉండదు. ఇంజన్ చుట్టూ పలచటి ఇనప రెక్కలుంటాయి. వాటి సందుల్లోంచి గాలి పోతే చల్లబడుతుంది, లేకపోతే లేదు. పరిగెత్తినంతసేపూ దానికి ఏ రోగమూ ఉండదు, నత్తనడక నడిపిస్తేనే ఉడికిపోతుంది. ఆ రోజు ఎండ నూట ఆరు డిగ్రీలు. మనిషి ఒంట్లో ఆ వేడి ఉంటే ఆసుపత్రికి ఎత్తుకుపోతారు. ఫ్రెస్నోలో జూలై నెలలో మాత్రం దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

అందుకే ఆమె పావుగంట ముందే ఎడమ అరచేత్తో హెల్మెట్ మీద రెండుసార్లు తట్టింది. ఆ పనిలో తలపండినవాళ్ళకు అది చాలు. వెనకున్న బండి ముందుకొచ్చి నల్లకారు ముందు చోటు పట్టుకుంటుంది. ముందున్నవాళ్ళు పక్కరోడ్డులో రెండు మైళ్ళు జోరుగా పోయి, ఇంజన్‌కు గాలి తగిలించి, తిరిగొచ్చి తమ చోటు తాము తీసుకుంటారు. యాత్ర ఆగదు. కార్లలో ఏడుస్తున్నవాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఆమెకు ఈ పని నేర్పిన హాలిస్ పెట్టిగ్రూ దాన్ని "గాలి తాగి రావడం" అనేవాడు.

నెల్డా అద్దంలో చూసింది. కంపెనీ యజమాని ట్రెంట్ ఎక్లండ్ తన తెల్లటి కొత్త బండి మీద, బంధువుల కారు పక్కన, ఆమె వంకే చూస్తున్నాడు. కదల్లేదు. ఆమె మళ్ళీ తట్టింది. అతను నిటారుగా సర్దుకుని కూర్చుని, విన్నానన్నట్టు తల కూడా ఊపాడు. అయినా కదల్లేదు. ఆ తర్వాత కూడలి వచ్చింది, ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. యాత్ర రెండు ముక్కలైంది. ముందు ముక్క ఆమెను తప్పించుకుని శ్మశానానికి పోయింది, వెనక ముక్క ఎడమకు తిరిగి ఒక ఫర్నిచర్ దుకాణం ముందు తేలింది. చనిపోయిన పిల్లవాడి తల్లి ఆ వెనక ముక్కలో ఉంది.

సాయంత్రం కంపెనీ షెడ్డులో ట్రెంట్ ఆమెకు ముందు చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు, తర్వాత చీవాట్లు పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. జనవరిలో మేనమామ దగ్గర్నుంచి కంపెనీ చేతికొచ్చింది. అంతకు ముందు ఇన్సూరెన్సు అమ్మేవాడు. చీవాట్లు కూడా పాలసీ చదివి వినిపించినట్టే పెట్టాడు.

"ఆ తల్లి అరగంట ఎండలో నిలబడింది నెల్డా. రేపు ఆవిడ నలుగురికీ చెబుతుంది. ఆ బండి పని అయిపోయింది. మ్యూజియంలో పెట్టుకోండి, రోడ్డు మీద వద్దు."

"బండికేం కాలేదు" అంది నెల్డా.

"మరి ఆగిందెందుకు?"

చూసి కూడా రాని మనిషిని ఎందుకు రాలేదని అడగడమంటే ఆమెకు ముష్టెత్తుకున్నట్టే. సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

"శనివారం హాలిస్ గారి యాత్రకు ముందు నేనుంటాను. మీరు చివర రండి, మా ట్రక్కులో కూర్చుని" అన్నాడు ట్రెంట్.

ఆ మాటకు ఆమె చేతిలో మూత కిందపడింది. హాలిస్ ఆదివారం పోయాడు. ఆ బండి హాలిస్‌దే. ఆరేళ్ళ కిందట మోకాళ్ళు పనిచెయ్యక, ఒకరోజు షెడ్డులో అందరి ముందూ తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నా ముందు కూడా ఇదే నడవాలి సుమా, అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

బుధవారం పొద్దున్నే హాలిస్ భార్య వెల్మా పెట్టిగ్రూ షెడ్డుకొచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. మొగుడు పోయిన మూడు రోజులకు పెదవులకు ఎర్రరంగు వేసుకుని, కాళ్ళకు ఇంట్లో చెప్పులతో, కారు తనే నడుపుకుంటూ వచ్చింది. బల్ల మీద పీచ్ పళ్ళ సంచీ పెట్టి, ట్రెంట్ ఎదురుగా కూర్చుంది.

"నాయనా, ఆ ప్లాస్టిక్ బండి వెనక నా మొగుణ్ణి పంపించను."

"అది ప్లాస్టిక్ కాదమ్మా..."

"నా వంటింట్లో మిక్సీ కూడా అలాగే చప్పుడు చేస్తుంది. ఆయన ముందు ఆయన బండే నడవాలి. దాని మీద ఈ పిల్ల ఉండాలి. ఆయన నోటిమాట అది, నేనిప్పుడు మార్చలేను."

యాభై మూడేళ్ళ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తోంది.

"మీ పాత వీధి గుండా పోవాలంటున్నారు కదా? శనివారం అక్కడ సంత ఉంటుంది. మైలున్నర మనిషి నడకే. ఆ బండి తట్టుకోదు" అన్నాడు ట్రెంట్.

"ఆయన తట్టుకున్నాడు ఆ వీధిని నలభై ఏళ్ళు. బండెంత?"

ట్రెంట్ పెన్ను బల్ల మీద పడేశాడు. నెల్డా వైపు తిరిగాడు. "సరే. ముందు మీరే. కానీ శనివారం ఆ బండి మళ్ళీ ఆగిందా, సోమవారం నుంచి ఈ షెడ్డులోకి రాకూడదు. మీకు నీళ్ళతో చల్లబడే బండి ఉంటే మీరు రండి, లేకపోతే..."

లేకపోతే ఏమిటో చెప్పక్కర్లేదు. కంపెనీలో ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి. కొత్త బండి కొనే స్తోమత నెల్డాకు లేదు, ఈ వయసులో ఇంకో పని నేర్చుకునే ఓపికా లేదు. కానీ ఆ క్షణంలో ఆమెకు సోమవారం గుర్తుకు రాలేదు. హాలిస్‌ను శ్మశానం దాకా దిగబెట్టాలి, మధ్యలో ఆగకూడదు. అంతే.

గురువారం, శుక్రవారం ఎండ ముదరకముందే, ఇంటి పక్క రేకుల పంచలో బండిని నిలబెట్టి పని మొదలుపెట్టింది. ముందుగా, వాన పడకుండా కాళ్ళకు అడ్డంగా ఉండే రేకులు ఊడదీసింది. అవి అందంగానే ఉంటాయి గానీ, ఇంజన్ మొహం మీద దుప్పటి కప్పినట్టే. తర్వాత ఇంజన్ రెక్కలు. ఊరి చుట్టూ బాదంతోటలు, వాటి దుమ్మంతా ఆ సందుల్లో నూనెతో కలిసి అట్ట కట్టింది. పళ్ళు తోముకునే బ్రష్‌తో, సన్నటి వెదురుపుల్లతో ఒక్కొక్క సందూ గీకింది. ఎండిపోయిన తేనెటీగలు పదకొండు రాలాయి. వాటిని ఎందుకు లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు.

ఇంజన్‌కు ముందు, సరిగ్గా గాలి తగిలేచోట, నూనె చల్లబడడానికి హాలిస్ బిగించిన అరచేతంత జాలీ ఉంది. దాని వంగిపోయిన పళ్ళను పాత దువ్వెనతో ఓపిగ్గా నిలబెట్టింది. నూనె మార్చింది, ఎండాకాలం పోసే చిక్కటిది. కార్బ్యురేటర్ల మరలు పావు చుట్టు తిప్పింది, నిలబడి ఉన్నప్పుడు పెట్రోలు కాస్త ఎక్కువ తాగేట్టు. పెట్రోలు దగ్గర పిసినారితనం చేస్తే ఇంజన్‌కు జ్వరం వస్తుందనేవాడు హాలిస్. ఆయన చెప్పినవన్నీ అలాంటివే. ఊరికే యాక్సిలరేటర్ తిప్పి అరిపించకు, అరిస్తే చల్లబడదు, వేడెక్కుతుంది. ముందున్న చోటు ఖాళీ అయిందని ఉరకకు, ఆగి ఆగి పోయేకంటే పాకుతూ పోవడం మేలు. ఎంత కాలినా నీళ్ళు మాత్రం చల్లకు, పగులుతుంది. ఒకసారి బాయ్డ్ అనేవాడు జాలిపడి ఐసునీళ్ళు కుమ్మరించాడు. ఇంజన్ చేసిన చప్పుడు శవయాత్రంతా విన్నది.

నూనెమూత మీద చిన్న ముల్లు ఉంది, వేడి చూపించేది. దాని అద్దం మీద ప్రమాదం దగ్గర వెల్మా గోళ్ళరంగుతో గీసిన ఎర్రగీత. నెల్డా దాన్ని తుడుస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఆమెకు తన మొదటి యాత్ర గుర్తొచ్చింది. ఆడమనిషి వెనక బండి నడపబోమని మిగతావాళ్ళు మొహం తిప్పుకున్న రోజులు. హాలిస్ ముందున్నాడు, ఆమె వెనక. రెండు మైళ్ళు పోయాక ఆయన హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి, పక్కరోడ్డులోకి తిరిగి మాయమయ్యాడు. నల్లకారు ముందు చోటు ఖాళీ. వెళ్ళి నిలబడడం తప్ప ఆమెకు దారి లేదు. ఆయన తిరిగి రాలేదు, శ్మశానం గేటు దగ్గర బండి ఆపుకుని ఎదురుచూస్తున్నాడు. దిగాక ఆమె ఆయన ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. అది డిసెంబరు నెల, ఇంజన్ ఉడికే కాలమే కాదు, ఆమెను ముందు నిలబెట్టడానికే పోయాడు. ఈ మనిషికి కృతజ్ఞత ఎలా చెప్పాలో ఆమెకు ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు, ఇప్పుడు చెబుదామన్నా వినేవాడు లేడు.

శనివారం పదకొండింటికి చర్చి బయట నల్లకారులో పెట్టె ఎక్కించారు. నల్లకారు నడిపే లూథర్ ముప్పై ఏళ్ళుగా హాలిస్ వెనక నడిచినవాడు. ఇవాళ హాలిస్‌నే వెనకేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "చెల్లెమ్మా, మెల్లగా పోనియ్. వాడికి ఇవాళ తొందరేం లేదు" అన్నాడు.

అప్పుడు వెల్మా వచ్చింది. చేతిలో పూలవలయం. తన పెరట్లో గులాబీలు కోసి, తీగ చుట్టి తనే కట్టింది. ఎవరూ ఏమీ అనేలోపు బండి ముందు వంగి, ఇనపకడ్డీకి దాన్ని కట్టేసింది. సరిగ్గా ఆ జాలీ ముందు.

నెల్డా వంగి చూసింది. రెండు రోజులు వెదురుపుల్లతో తెరిచిన దారికి గులాబీల తలుపు పడింది. విప్పమని చెప్పాలి. వెల్మా ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, నడుం పట్టుకుని లేచి, "బాగుందా?" అనడిగింది.

"చాలా బాగుంది వెల్మమ్మా" అంది నెల్డా.

మొదటి ఆరు మైళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ముల్లు ఎర్రగీతకు దూరంగానే ఉంది. తర్వాత హాలిస్ పాత వీధి వచ్చింది, దానితో పాటు సంత. రోడ్డుకు రెండు పక్కలా గుడారాలు, పాత టైర్లు, పుచ్చకాయల ట్రక్కులు, మొక్కజొన్న కాల్చే పొగ. జనం టోపీలు తీసి పక్కకు జరుగుతున్నారు గానీ, జరగడానికి చోటు లేదు. నెల్డా క్లచ్ నొక్కి వదులుతూ, పాకుతూ, బతిమాలుకుంటూ పోతోంది. ఒకచోట పుచ్చకాయల ట్రక్కు వెనక్కి తిరిగేదాకా ఇంజన్ ఆపేసి కూర్చుంది. ఎనిమిది నిమిషాలు. ముల్లు ఒక వెంట్రుకవాసి కూడా తగ్గలేదు, గాలే ఆడకపోతే తగ్గేదెలా? మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజన్ బరువుగా లేచింది. కాలిపిక్కలకు ఆ పాత సెగ. నూనె వాసనలో కలిసి ఉడుకుతున్న గులాబీల వాసన. ముల్లు ఎర్రగీతను తాకింది.

ఇంకా అరమైలు సంత ఉంది. ఆగిపోతుంది. హాలిస్ ముందు, హాలిస్ వీధిలో, హాలిస్ బండి ఆగిపోతుంది. ఆమెకు ఏడుపొచ్చేసింది. ఎడమ చెయ్యి దానంతటదే లేచి హెల్మెట్ మీద రెండుసార్లు తట్టింది. ఎవరూ రారని తెలుసు. పంతొమ్మిదేళ్ళ అలవాటు.

అద్దంలో ట్రెంట్ ఆమె వంకే చూస్తున్నాడు. కదల్లేదు.

నెల్డా రోడ్డు వైపు చూసుకుంది. ఇంజన్ ఒకసారి దగ్గింది. అంతలో పక్కన మెత్తటి చప్పుడు వినబడింది, వంటింటి మిక్సీ లాంటిది. తెల్లబండి నల్లకారును దాటి, దానికీ ఆమెకూ మధ్య దూరి నిలబడింది. ట్రెంట్ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. చెయ్యి చాచి పక్కవీధి చూపించాడు, పొమ్మన్నట్టు.

ఆమె వెళ్ళింది. రెండు గుడారాల మధ్య నుంచి పక్కవీధిలోకి, అక్కణ్ణుంచి కాలువ గట్టు రోడ్డు మీదికి. రెండో గేరు, మూడో గేరు, నాలుగు. వేడిగాలే, కానీ కదిలే గాలి. రెక్కల సందుల్లోంచి అది దూసుకుపోవడం తన పక్కటెముకల్లోంచి పోతున్నట్టే ఉంది. ఎండకు వడిలిన గులాబీలు ఆ జోరుకు ఆగలేదు. ముందు ఒకటి, తర్వాత గుప్పెళ్ళ కొద్దీ రేకులు ఆమె గుండె మీదికి, భుజాల మీదికి, వెనక రోడ్డు మీదికి ఎగిరిపోయాయి. ఇంజన్ గొంతు మెల్లగా తేటపడింది. ముల్లు ఎర్రగీత వదిలి దిగసాగింది. హెల్మెట్‌లో ఎవరికీ వినబడదు గనక ఆమె బిగ్గరగా అంది. "హాలిస్, నీ పుణ్యాన బతికాను. ఇన్నేళ్ళూ." ఇన్నాళ్ళూ నోటిదాకా రాని మాట అంత తేలిగ్గా వచ్చేసరికి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

సంత అవతలి కొసకు ఆమె తిరిగొచ్చేసరికి యాత్ర అప్పుడే వీధి దాటుతోంది. ఒక్క కారు కూడా తప్పిపోలేదు. ట్రెంట్ ఆమెను చూసి పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. నల్లకారులో లూథర్ లైట్లు రెండుసార్లు వెలిగించాడు. మిగతా మూడున్నర మైళ్ళు బండి కిమ్మనలేదు.

శ్మశానంలో చెట్టు నీడన ఇంజన్ ఆపితే, చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. ట్రెంట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మంగళవారం కూడా మీరు నన్ను పిలిచారు కదూ?"

"పిలిచాను. నువ్వు తల కూడా ఊపావు బాబూ."

"హెల్మెట్ తడితే ముందు పోలీసులున్నారని అర్థం. నేను బండి నేర్చుకున్న చోట అందరికీ అంతే. అందుకే నిటారుగా కూర్చుని, వేగం చూసుకుని, సరేనని తల ఊపాను." అతను నుదురు రుద్దుకున్నాడు. "ఇవాళ కూడా పోలీసుల కోసమే వెతుకుతున్నాను. ఇంతలో వెల్మాగారు కారు అద్దం దింపి, 'ఏం చూస్తున్నావయ్యా దిక్కులు? ఆ పిల్లకు గాలి కావాలి, పో ముందుకు' అని అరిచింది. మొగుడి పెట్టె వెనకే కూర్చుని. ఎవరూ నాకు చెప్పలేదు నెల్డా. ఏడు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు."

నెల్డాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళందరూ హాలిస్ దగ్గర నేర్చుకున్నారు గనక, పుట్టుకతోనే అందరికీ తెలుస్తుందనుకున్నారు. నాలుగు రోజులు అతన్ని మనసులో ఉప్పూకారం పెట్టి వేయించింది. అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

"మా తప్పే. ఆ పిల్లవాడి తల్లి దగ్గరికి నేనూ వస్తాను, ఇద్దరం వెళ్ళి చెబుదాం" అంది. "ఇంకా ఏడు సైగలున్నాయి. సోమవారం చెబుతాను."

"మీ బండి మీదే రండి" అన్నాడు ట్రెంట్.

అప్పుడు ఆమెకు పూలవలయం గుర్తొచ్చింది. బండి ముందుకు వెళ్ళి చూసి నాలుక కరుచుకుంది. ఒక్క రేకు మిగలలేదు. వట్టి తీగచుట్ట, దానికి నాలుగు ముళ్ళకాడలు. వెల్మా లూథర్ చెయ్యి పట్టుకుని అటే వస్తోంది.

"వెల్మమ్మా, క్షమించు. గాలికి... మొత్తం పోయాయి."

వెల్మా తీగచుట్టను విప్పి చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నెల్డా దగ్గరికి పోయింది. వెల్మా నవ్వుతోంది.

"ప్రతి పెళ్ళిరోజుకీ పూలు కొని బండి ముందు కడ్డీకే కట్టుకొచ్చేవాడు. డెబ్బై మైళ్ళ వేగంతో. బండి నడిపినన్నేళ్ళూ నాకొక్క పువ్వు ఇంటికి చేరలేదు పిల్లా, కాడలే ఇచ్చేవాడు." కళ్ళు తుడుచుకుని, నెల్డా కాలరు మడతలో ఇరుక్కున్న గులాబీరేకును రెండు వేళ్ళతో తీసింది. "ఇదిగో, ఇదొక్కటి చేరింది."

రేకును తన దగ్గర ఉంచుకుని, తీగచుట్టను పెట్టె మీద పెట్టింది.